వాపు దిగేదాకా

గ్లాసులో ఉప్పు కరిగేదాకా చెంచా తిప్పి, వేలు ముంచి వేడి చూసి, చెల్లెలు బాత్‌రూమ్ తలుపు సందులోంచి చేయి చాపింది.

"ఇదిగో. చల్లారకముందే కానీ."

కత్తెరమ్మ గ్లాసు అందుకుని తలుపు వేసుకుంది. అద్దంలోకి చూసింది. కుడి బుగ్గ పొంగి, ఆ పక్క పెదవి ఒక మూలకి లాక్కుపోయి, ఒకవైపే దూది కూరి వదిలేసిన గుడ్డబొమ్మలా ఉంది ముఖం. చూడబుద్ధి కాలేదు. చెల్లెలి చెప్పుల చప్పుడు ముందుగదిలోకి వెళ్ళి, అక్కడ కుట్టుమిషను మళ్ళీ టకటకమనేదాకా ఆగింది. ఆగి, గ్లాసును బేసిన్ అంచుకు ఆనించి, ఉప్పునీళ్ళను చప్పుడు కాకుండా పింగాణీ వెంబడి సన్నగా జారవిడిచింది. తరవాత తల వెనక్కి వాల్చి, ఖాళీ నోటితోనే, ఇల్లంతా వినపడేలా గొంతులో గరగరమని చప్పుడు చేసింది.

దొంగపని అలవాటు లేని మనిషి. బేసిన్‌ను రెండుసార్లు కడిగింది.

వీధిలో అందరికీ ఆమె కత్తెరమ్మ, చెల్లెలు సూదమ్మ. అసలు పేర్లు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ముందుగది వాళ్ళ కొట్టు, వెనక రెండు గదులూ ఇల్లు. పొట్టి చేయాల్సిన ప్యాంట్లు, వదులు చేయాల్సిన కోట్లు, ఎండకు వెలిసి అంచులు పోయిన కర్టెన్లు, ఇలాంటివన్నీ ఆ గదికే వస్తాయి. అక్క కొలిచి కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది. వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది, అది చూసి కొత్తవాళ్ళు భయపడేవారు. మనిషిని పీట మీద నిలబెట్టి, అక్క రెండు చేతులా అంచు మడిచి పట్టుకుంటుంది. గుండుసూదులు ఆమె పెదాల మధ్య వరసగా ఉంటాయి. చెల్లెలు అటు చూడను కూడా చూడకుండా చేయి చాచి, అక్క పెదాల మధ్య నుంచి ఒక్కో సూదీ తీసి గుడ్డకు గుచ్చుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పెదవి గీరుకోలేదు.

అలా నోటి నిండా సూదులుండేవి కనుక కత్తెరమ్మకు మాట్లాడే పని తక్కువ. ఊఁ అంటే అవును, ఊహూఁ అంటే కాదు. మాట్లాడే పనంతా చెల్లెలిది. దారం తెంపాలంటే కత్తెరమ్మ కుడి పక్క పన్నుతోనే తెంపేది. కత్తెర గుడ్డ కోసం, దారానికి పళ్ళున్నాయిగా అనేది.

అందుకే నొప్పి మొదలైనప్పుడు ఎవరికీ తెలియలేదు. దారప్పోగు ఒకటి చిగురు సందులో దిగి, అక్కడే ఉండిపోయి, చీము పట్టింది. ఆమె రోజంతా ఊఁ ఊహూఁలతో సరిపెట్టినా ఎప్పటిలాగే ఉందనుకున్నారు. చివరికి పట్టించింది కత్తెరే. ఒక రోజు దారం తెంపడానికి ఆమె కత్తెర తీసింది.

"ఏంటక్కా, పళ్ళు అద్దెకిచ్చావా?" అని నవ్వబోయి, అటు తిరిగి అక్క ముఖం చూసి, చెల్లెలు మిషను ఆపేసింది.

పళ్ళ డాక్టరమ్మ వయసులో చిన్నది, గదమాయించడంలో పెద్దది. చిగురు కోసి చీము తీసి, లోపల శుభ్రం చేసి, చేతులు కడుక్కుంటూ గడగడా అప్పజెప్పింది. "మందులు పూర్తిగా వాడాలి, నొప్పి తగ్గిందని మధ్యలో ఆపేయొద్దు. మెత్తటి బ్రష్షు కొనుక్కోండి, వాచిన పక్క కూడా నెమ్మదిగా తోముకోవాలి. అటు పక్క నమలొద్దు. బయట బుగ్గ మీద చల్లటి గుడ్డ వేసుకోండి, కాపడం మాత్రం పెట్టొద్దు. జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, వాపు కంటి దాకా పాకినా వెంటనే రండి. ఇక గోరువెచ్చటి ఉప్పునీళ్ళు, మాటిమాటికీ. గొంతులో గరగరలాడించడం కాదు పెద్దమ్మా. చెంపలో నింపుకుని, తల ఆ పక్కకి వంచి, కాసేపు ఉంచి వదిలెయ్యాలి. చప్పుడే రాకూడదు. నోట్లో మళ్ళీ సూదులు కనిపించాయంటే మాత్రం నేను ఊరుకోను."

కత్తెరమ్మకు నోరు సగం మొద్దుబారి, తల దిమ్మెక్కి, వాటిలో ఒక్క ముక్కా చెవికెక్కలేదు. చెల్లెలు అన్నీ విన్నది.

ఇదంతా చెల్లెలు ఊరు విడిచి వెళ్ళాల్సిన సమయంలో వచ్చిపడింది. వేరే ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రి. అక్కడ దుప్పట్లూ తెరలూ ఆపరేషన్ గౌన్లూ కుట్టే గదిని చూసుకునే పెద్దగా రమ్మని చెల్లెల్ని పిలిచారు. ఉండటానికి అక్కడే ఒక గది ఇస్తామన్నారు. పుట్టి బుద్ధెరిగాక అక్క గీసిన సుద్దగీత మీదే కుట్టిన మనిషి. అక్కడైతే గీత తనే గీస్తుంది. ఆ కబురు విన్నప్పుడు చెల్లెలి ముఖం దీపం వెలిగించినట్టయింది. అక్క వైపు చూసి వెంటనే వత్తి తగ్గించుకుంది. ఆ తగ్గించుకోవడం కత్తెరమ్మ కంటబడింది. సూదులు బల్ల మీద పెట్టి, "వెళ్ళవే. నేనేమన్నా చంటిపిల్లనా?" అని, మరో మాట అనాల్సి వస్తుందేమోనని గబగబా మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

బుగ్గ వాచాక చెల్లెలు ప్రయాణం ఆపింది. "నీ వాపు దిగాకే కదులుతా," అంది.

ఆ ఒక్క మాట కత్తెరమ్మ మనసులో ముల్లులా దిగింది. వాపు దిగితే ఇది వెళ్ళిపోతుంది. దిగకపోతే వెళ్ళదు.

ఆ ఇంటి గుమ్మంలోంచి వెళ్ళిపోయినవాళ్ళ ముఖాలు ఆమెకు సరిగ్గా గుర్తులేవు. వీపులే గుర్తు. నాన్న కోటు వెనక నడిమి కుట్టు ఒక నూలుపోగంత పక్కకు పోయి ఉండేది. కట్టుకున్నవాడు వెళ్ళిన రోజు వేసుకున్న చొక్కాకు, భుజం దగ్గర, తను వేసిన మాసిక. అమ్మను తీసుకెళ్ళినప్పుడు కప్పిన దుప్పటికి ఒక మూల అంచు విప్పుకుని వేలాడుతోంది. ఉండండి, కుడతానని ఆమె సూది వెతుక్కునేలోపు తీసుకెళ్ళిపోయారు. ఇప్పుడిక మిగిలింది చెల్లెలి వీపొక్కటే. అది చూడకుండా తప్పించుకునే దారి దొరికిందంటే ఏ నొప్పి అయినా భరించవచ్చుననిపించింది.

అయినా నొప్పి నొప్పే. మొదట్లో చెల్లెలు పక్కన నిలబడి, తల పట్టుకుని వంచి, చెంపలో ఉప్పునీళ్ళు ఉంచి మరీ వదిలించింది. అప్పుడు కాస్త నెమ్మదించింది. వాపు రవ్వంత జారగానే కత్తెరమ్మకు చెల్లెలి ప్రయాణం గుర్తొచ్చింది. "నాకు నేను చేసుకుంటాలే, నువ్వు పని చూసుకో," అని చెల్లెల్ని పంపేసి, అప్పటి నుంచి ఈ దొంగ గరగరలు మొదలుపెట్టింది. మాత్రలు మింగక తప్పేది కాదు, చెల్లెలు ఎదురుగా నిలబడి నాలుక ఎత్తించి మరీ చూసేది. బ్రష్షు మాత్రం వాచిన పక్కకి పోనిచ్చేది కాదు. పాలలో నానబెట్టిన బ్రెడ్డు, మెదిపిన బంగాళాదుంప, పల్చటి జావ. తినీ తినీ నాలుక మీద బూజు పట్టినట్టుంది. పడుకుంటే బుగ్గలో గుండె కొట్టుకుంటోంది. కూర్చుంటే మెడ నిలవదు. కిటికీ పక్క కుర్చీలో తడిగుడ్డ చెంపకు అదిమిపెట్టుకుని, గోడమీద నీడ అటు నుంచి ఇటు జరగడం చూస్తూ ఉండేది. ఒళ్ళంతా విప్పేసిన కుట్టులా వదులైపోయింది.

ఒక మధ్యాహ్నం బస్సు కండక్టరు ప్యాంటు సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఆసుపత్రి ఉన్న ఊరి బస్సు అతనిదే.

"ఏంటి కత్తెరమ్మగారూ, చిల్లరంతా బుగ్గలో దాచారా?"

"నవ్వించకండి, ఆవిడకి చిగురు లాగుతుంది," అంది చెల్లెలు. "నడుం మళ్ళీ వదులు చేయాలా?"

"నేనేం లావవలేదండీ. గుడ్డే కురచవుతోంది."

"అవునవును, పాపం దానికి వయసొచ్చింది. వేసుకు రండి, చూద్దాం."

అతను తెర చాటున ఆ ప్యాంటే వేసుకుని వచ్చి పీట ఎక్కాడు. చెల్లెలు నడుం దగ్గర గుడ్డ పట్టుకుని, కళ్ళు గుడ్డ మీదే ఉంచి, అలవాటుగా కుడిచేయి వెనక్కి చాచింది. వేళ్ళు వచ్చి వెనక నిలబడిన అక్క పెదాల మీద ఆగాయి. అక్కడ సూదుల్లేవు. వేడెక్కి బిగుసుకుపోయిన చర్మం తగిలింది. చెల్లెలు చేయి వెనక్కి తీసుకుంది. బల్ల మీది డబ్బాలోంచి సూది తీసుకుంది. కండక్టరు పీట మీద నుంచి, "మీకు కిటికీ సీటు ఆపి ఉంచుతున్నా సూదమ్మగారూ. ఎప్పుడో చెప్పరేం?" అన్నాడు.

"అక్క బుగ్గ చెప్పాలి," అంది చెల్లెలు. ఆ రోజు సాయంత్రం పాత వెల్వెట్టు ముక్కలో పొట్టు కూరి, మణికట్టుకు కట్టుకునే సూదుల దిండు ఒకటి కుట్టుకుంది.

మర్నాడు పొద్దున ముందుగదిలో ఫోన్ మోగింది. కత్తెరమ్మ వంటగది గుమ్మం దగ్గర జావ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"లేదండీ, ఇంకా తగ్గలేదు... ఒక్కతే ఉంటుంది కదండీ... సోమవారమా? ఇంకొక్క వారం ఆగడానికి కుదరదా? ... ఆవిడ ఎవరు, కుట్టడం వచ్చా? ... సరేనండీ. సోమవారానికి రాకపోతే ఆవిడకే ఇచ్చెయ్యండి. మీ ఇష్టం."

ఫోన్ పెట్టేసి చెల్లెలు మిషను ముందు కూర్చుంది. కండక్టరు ప్యాంటుకు కుట్టు వేసింది. చూసుకుంది. మొత్తం విప్పేసి మళ్ళీ వేసింది. మళ్ళీ వంకర పోయింది. మళ్ళీ విప్పింది. కుట్టు విప్పడమంటే చెల్లెలికి ఎప్పుడూ చిరాకు, గొణుక్కుంటూ విప్పుతుంది. ఆ రోజు ఉలుకూ పలుకూ లేకుండా విప్పింది.

తను అనుకున్నదే జరిగింది కదా అని కత్తెరమ్మ సంతోషపడబోయింది. జావ గిన్నె అలాగే పక్కన పెట్టేసింది.

సాయంత్రానికి ఒళ్ళు కాగిపోయింది. బుగ్గ రాయిలా గట్టిపడి, నోట్లోకి చేదుగా ఏదో ఊరడం మొదలైంది. చెల్లెలు ఆమెకు శాలువా చుట్టి, రెక్క పట్టుకుని, మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి నడిపించుకెళ్ళింది.

డాక్టరమ్మ దీపం వంచి చూసి మొహం చిట్లించింది. "మందులు వాడుతుంటే ఇలా కాకూడదే. తిన్నదంతా ఇక్కడే పేరుకుపోయింది. ఉప్పునీళ్ళు సరిగ్గా పడుతున్నారా అసలు?"

కత్తెరమ్మ నోరు తెరిచే ఉంది కనుక జవాబు చెప్పక్కర్లేదు. చెల్లెలు చెప్పింది. "నేనే కలిపి ఇస్తున్నానండీ, పూట తప్పకుండా."

మళ్ళీ చీము తీశారు. మందు మార్చారు. బయటికొచ్చి, మందుల షాపు ముందున్న బెంచీ మీద ఇద్దరూ కూలబడ్డారు. వీధిలో జనం పనుల నుంచి ఇళ్ళకు పోతున్నారు. కత్తెరమ్మ నోట్లో దూది ఉంది, మాట ముద్దముద్దగా వచ్చింది.

"అబద్ధం ఎందుకాడావే?"

"అబద్ధమేముంది? కలిపి ఇచ్చాననేగా అన్నాను. తరవాత ఆ నీళ్ళు ఎటు పోయాయో బేసిన్ని అడగాలి."

కత్తెరమ్మ శాలువా కొంగు నలిపింది. "నీకెలా తెలుసు?"

"గరగరమన్నావుగా. డాక్టరమ్మ చప్పుడే రాకూడదంది. నేను తల పట్టుకున్నప్పుడు నోరు మూసుకుని బుద్ధిగా ఉంచావు. నేను అటు వెళ్ళగానే లోపల కచేరీ మొదలైంది. పావురం కూడా నీకంటే నయం."

నవ్వొచ్చి చిగురు లాగింది. నవ్వును అక్కడే పట్టుకుని కత్తెరమ్మ అడిగింది. "మరి ఆ రోజే అడగలేదేం?"

చెల్లెలు మందుల సంచి తాడును వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"తలుపు దాకా వచ్చా. అడిగితే మానేస్తావు, మానేస్తే తగ్గుతుంది, తగ్గితే నేను బయల్దేరాలి. ఇవాళ్టికి పోనీలే అనుకున్నా. మర్నాడూ అదే అనుకున్నా. నాకూ కాళ్ళాడ్డం లేదక్కా. ఆ ఊళ్ళో నాకు ఎవరు తెలుసు? గుడ్డ చేతికిస్తే గీత ఎక్కడ గియ్యాలో చూపించేవాళ్ళుండరు." కాస్త ఆగింది. "నీకు ఇంత జ్వరం వస్తుందనుకోలేదు. ఒట్టు."

"సోమవారానికి రాకపోతే ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నావు."

"విన్నావా?"

"చిగురు వాచింది గానీ చెవులు బానే ఉన్నాయి."

మందుల షాపులో ఎవరో చిల్లర లేదని గొడవపడుతున్నారు. కత్తెరమ్మ అటు చూస్తూ కూర్చుంది. అలసట కాళ్ళ నుంచి మెడ దాకా పాకి ఉంది. ఇలాగే బెంచీ మీద, పక్కన ఇది ఉండగా, చీకటి పడిపోతే బాగుండనిపించింది. అయినా నోరు విప్పింది.

"ఫోన్ చేసి ఆదివారం బస్సుకి వస్తున్నానని చెప్పు."

"నీ బుగ్గ?"

"బుగ్గ నాది. నువ్వు కాపలా కూర్చుంటే అది దిగదు. దాని సంగతి నాకు తెలుసు."

"నీ సంగతి నాకూ తెలుసు. నిన్ను నమ్మి వెళ్ళమంటావా?"

"నమ్మకు. రోజూ ఫోన్ చెయ్యి."

"ఫోన్లో గరగరమంటే?"

"నాలుగు తిట్లు తిట్టు."

చెల్లెలు కళ్ళు ఒత్తుకుని, లేచి, అక్క రెక్క పట్టుకుంది.

ఆదివారం వరకూ ఉన్న ఆ కాస్త సమయంలో కత్తెరమ్మ తన నోరు తను చూసుకోవడం నేర్చుకుంది. చెల్లెలు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడితే, తనే నీళ్ళు కాచి, ఉప్పు కలిపి, వేలు పెట్టి చూసుకుంది. చెంపలో నింపుకుని తల వంచినప్పుడు మంట చెవిలోకి, అక్కడి నుంచి కణతలోకి ఎక్కేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. బేసిన్ అంచు పట్టుకుని ఓర్చుకుని, అప్పుడు వదిలేది. మెత్తటి బ్రష్షును, పట్టుగుడ్డ మీద మరక తుడిచినట్టు, వాచిన చిగురు మీద చిన్నగా తిప్పేది. జ్వరం పోయింది. వాపు మాత్రం దిగీ దిగనట్టే ఉంది. సగం దూది పీకిన బొమ్మలా ఉందిప్పుడు.

ఆదివారం చెల్లెలు కొత్త కోటు వేసుకుంది. అది కత్తెరమ్మ బుగ్గ వాచకముందే కత్తిరించి, కావాలనే నాన్చి పక్కన పడేసినది. చెల్లెలే కచ్చాకుట్లు విప్పి పూర్తి చేసుకుంది. పెట్టె పట్టుకుని గుమ్మం దిగి, నాలుగడుగులు వేసి, తల తిప్పకుండానే అడిగింది.

"వెనక కుట్టు చూస్తున్నావు కదూ?"

"ఎడమ భుజం లాగుతోంది. రా, రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాలని బస్సు పోగొడతావు. అక్కడ నేనే విప్పుకుంటాలే." అప్పుడు తిరిగింది చెల్లెలు. ముఖం ఉబ్బి, ముక్కు ఎర్రబడి, ఆమె కూడా చిగురు వాచినదానిలాగే ఉంది. "చల్లటి గుడ్డ మర్చిపోకు. మాత్ర తిన్నాకే వేసుకో. దారం కత్తెరతో తెంపు."

"వెళ్ళవే తల్లీ, కండక్టరు తిట్టుకుంటాడు."

భుజం దగ్గర ఆ చిన్న ముడత వీధి మలుపు తిరిగేదాకా కనిపిస్తూనే ఉంది. కత్తెరమ్మ లోపలికొచ్చి మిషను మీద గుడ్డ కప్పింది. ఏం చేయాలో తోచక మళ్ళీ తీసింది. మళ్ళీ కప్పింది. మంచం మీద వాలితే ఎప్పుడు నిద్రపట్టిందో తెలియలేదు. లేచేసరికి తడిగుడ్డ దిండును తడిపేసి ఉంది.

సోమవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"పుక్కిలించావా?"

"ఇప్పుడే కలిపా. ఉండు."

"ఫోన్ పెట్టెయ్యకు. నేను వింటా."

కత్తెరమ్మ ఫోన్‌ను ఎడమ చెవికి ఆనించుకుని, ఒక గుక్క పోసుకుని, కుడి పక్కకి తల వంచింది. మంట పుట్టింది. నిన్నటంత లేదు. అటు నుంచి ఏ మాటా లేదు. ఎక్కడో దూరంగా బండి చక్రాల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం వినిపించాయి. ఇటు నుంచి వినిపించడానికేమీ లేదు.

"ఏం వినపడ్డంలేదు," అంది చెల్లెలు చివరికి. "ఆఁ. అలాగే ఉంచు."

తరవాత, ఎన్నో ఏళ్ళుగా సూదులు నింపుకున్న ఆ నోటికి ఎదురుగా కూర్చుని చెప్పినట్టే, మొదలుపెట్టింది. "ఇక్కడి కత్తెర్లు చూస్తే నీ ప్రాణం ఉసూరుమంటుందక్కా, వెన్న కూడా తెగదు. ముగ్గురున్నారు నా కింద. అందులో ఒకావిడ నన్ను మేడం అంటోంది, వెనక్కి తిరిగి చూశా, ఎవరిని పిలుస్తోందోనని. పొద్దున సుద్ద నా చేతికిచ్చారు. గీశాను. వంకర పోయింది. తుడిచేసి మళ్ళీ గీశా. ఈసారి బానే వచ్చింది..."

నీళ్ళు నోట్లో చల్లబడుతున్నాయి. ఇక వదిలెయ్యొచ్చు. కత్తెరమ్మ బేసిన్ పక్కన గోడకు జారబడి, చెంపలో ఉప్పునీళ్ళను ఇంకాసేపు అలాగే ఉంచుకుని విన్నది.